రెండు బస్తాల మనిషి

"కాపాడ్డానికి వెళ్ళినవాళ్ళే మునిగిపోతే, వాళ్ళ కోసం ఎవరు వెళ్తారు?"

నేనీ మాట అన్నప్పటికి ఇంకా ఏమీ జరగలేదు. ఫిబ్రవరి మొదటి ఆదివారం, ప్రార్థన చేసుకుని వచ్చి బల్ల దగ్గర కూర్చున్నాం. టీ నీళ్ళు కాగే సమోవార్ సన్నగా మూలుగుతోంది. నేను చేప కూరిన రొట్టె కోస్తున్నాను. బల్ల చుట్టూ మా ఆయన సవేలీ, మా మరిది కొండ్రాత్, మా అమ్మాయి ఉల్యానా, మా ఒడ్డు రక్షణ దళానికి పెద్ద అయిన రైవో ఉన్నారు. నలుగురూ నా మాట విన్నారు. మా ఆయన ఇంకో ముక్క వెయ్యమని పళ్ళెం జరిపాడు, అంతే.

"నిన్నే అడుగుతున్నాను," అన్నాను ఆయనతో.

"రొట్టెలో ఉల్లి బాగా పడిందే ఇవాళ," అన్నాడు ఆయన.

రైవో మా మతం వాడు కాదు. అందుకని అతని కప్పు వేరు. నీలం చేప బొమ్మ ఉన్న కప్పు, అలమర కింది అరలో ఉంటుంది. పందొమ్మిదేళ్ళుగా మా ఇంట్లో అందులోనే టీ తాగుతున్నాడు. ఒకసారి నేను పరధ్యానంలో మా కప్పులో పోస్తే, తనే లేచి వెళ్ళి తన కప్పు తెచ్చుకున్నాడు. అంత మర్యాదస్తుడు. ఆ రోజు మాత్రం ఆ మర్యాదస్తుడే మా ఇంట్లో చిచ్చు పెట్టాడు. దళానికి ఒక బండి కొనడానికి పైనుంచి డబ్బు వచ్చిందట. ఒక్క బండికే. ఏది కొనాలో పదిహేను రోజుల్లో తేల్చాలట.

బండి అవసరం లేదని నేననను. సర్కారు వాళ్ళ రక్షణ బండి నలభై కిలోమీటర్ల అవతల ఉంటుంది. ఫోన్ చేశాక వచ్చేసరికి గంట పడుతుంది. చలికాలం పొడుగునా పట్నం నుంచి చేపల పిచ్చివాళ్ళు గడ్డకట్టిన మా సరస్సు మీదికి వచ్చి, మంచుకి కన్నాలు పెట్టుకుని, బోర్లించిన బకెట్ల మీద కూర్చుంటారు. పడమటి గాలి లేచిందంటే వాళ్ళు కూర్చున్న మంచు పలక ఒడ్డు నుంచి విడిపోయి తూర్పుకి నడుస్తుంది. అవతల ఒడ్డు వేరే దేశం. గంటసేపట్లో మనిషి దేశం దాటైనా పోతాడు, లోకం దాటైనా పోతాడు.

అదంతా నాకు తెలుసు. కానీ బండి ఏదైనా దాన్ని నడిపేది మా ఉల్యానాయే. ఇరవయ్యారేళ్ళది, ఉల్లిపాయల లారీ నడుపుతుంది, దళంలో దానంత ఒడుపుగా బండి నడిపేవాళ్ళు లేరని అందరూ అంటారు. వెళ్ళొద్దంటే వినదు. కాబట్టి నాకు కావలసింది ఒక్కటే. వెళ్ళిన బండి నా కూతుర్ని వెనక్కి తేవాలి.

మంచు మీద పరిగెత్తే చిన్న స్కూటర్ బండిని మొదటే కొట్టేశారు. అది నీళ్ళలో ఇనప పొయ్యిలా దిగిపోతుంది. మిగిలినవి రెండు. ఒకటి కరకాత్. అది మా ఒడ్డు వాళ్ళు ఎవరి కొట్టంలో వాళ్ళు కట్టుకునే బండి. లారీ చక్రాల లోపలి ట్యూబులు గాలితో నింపి, బెల్టులు చుట్టి, వాటి మీద పాత ఇంజను పెడతారు. చక్రం నా రొమ్ముల దాకా వస్తుంది. ట్యూబుల బలంతో నీళ్ళలో పడినా తేలుతుంది. ఈ ఒడ్డున కొండ్రాత్ కట్టిన కరకాత్‌ని మించింది లేదు. రెండోది గాలిపడవ. కింద రబ్బరు గౌను, వెనక పెద్ద పంకా. మంచైనా నీళ్ళైనా ఒకే తీరున జారిపోతుంది. దాన్ని అమ్మేవాడు చూసుకోండని ఒక వారం వాడుకకి ఇచ్చాడు.

"గాలిపడవేంటయ్యా రైవో," అన్నాడు కొండ్రాత్, గడ్డానికి అంటిన రొట్టె పొడి దులుపుకుంటూ. "గౌను కట్టుకున్న పళ్ళెం అది. మంచు దిబ్బ అడ్డమొస్తే గౌను ఎత్తిపట్టుకుని దాటుతుందా?"

"చుట్టు తిరిగి పోతుంది. నీ కరకాత్ నీళ్ళలో తేలుతుంది, ఒప్పుకుంటాను. తేలి ఏం చేస్తుంది? బాతులా అక్కడక్కడే తిరుగుతుంది."

"బాతు మునగడం నువ్వెప్పుడైనా చూశావా?"

"దేనికైనా తలుపులున్నాయా?" అని అడిగాను నేను. సరస్సు మీదికి బండి తలుపు వేసుకుని పోయేవాడు మా ఊళ్ళో లేడు. మంచు విరిగితే దూకడానికి దారి ఉండాలి.

"నేను కట్టిన బండికి తలుపెప్పుడు పెట్టాను వదినా?" అన్నాడు కొండ్రాత్, నొచ్చుకున్నట్టు. "నీ కూతురు నాకు కూతురు కాదా?"

ఆ మాటకి నా మనసు కరకాత్ వైపు ఒరిగింది. నిజం చెప్పాలంటే, ఎత్తు చక్రాల మీద కూర్చున్న పిల్ల నీళ్ళకి దూరంగా ఉంటుందని కూడా అనుకున్నాను.

శనివారం నాడు పరీక్ష పెట్టారు. ఒడ్డు నుంచి కిలోమీటరున్నర దూరంలో, మంచు దిబ్బకి అవతల మంచు కోసి ఒక మడుగు తెరిచారు. దాని అంచున మునిగిన మనిషిని పెట్టారు. మునిగిన మనిషంటే రెండు ఉల్లి బస్తాలు. నలభై, నలభై, మొత్తం ఎనభై కిలోలు. రెంటినీ ఒకదానితో ఒకటి కట్టి, పైన మా ఆయన పాత టోపీ పెట్టారు. మా ఊళ్ళో దేన్నైనా బస్తాలతోనే కొలుస్తారు. పడవ ఎన్ని బస్తాలది, అల్లుడు ఎన్ని బస్తాలు మోస్తాడు, అన్నీ ఆ లెక్కే. మునిగినవాడు ఎన్ని బస్తాలుంటాడని రైవో అడిగితే ఊరంతా ఒక్క గొంతుతో రెండు అంది.

రెండు బండ్లూ ఉల్యానాయే నడిపింది, పక్కన రైవో కూర్చున్నాడు. అలా అయితేనే న్యాయం. కరకాత్ దిబ్బ మీదకి ముసలి ఎద్దులా ఎక్కి, అటు దిగి, బస్తాల మనిషిని వేసుకుని ఇరవై రెండు నిమిషాల్లో తిరిగొచ్చింది. గాలిపడవ దిబ్బలో సందు వెతుక్కుంటూ చాలా దూరం పోయింది. దానికి ముప్పై ఒకటి పట్టింది. ఒడ్డున జనం కొండ్రాత్ వీపు చరిచారు. అతను ఏమీ ఎరగనట్టు ముఖం పెట్టి, ట్యూబులు నొక్కి చూస్తున్నాడు.

నేను మాత్రం గట్టు మీదికెక్కి మా ఆయన దుర్భిణీతో అంతా చూశాను. భయపడేవాళ్ళ కళ్ళు దేన్నీ వదలవు.

"ఏమయ్యా, వాళ్ళు ముడి విప్పారు," అన్నాను.

"ఏ ముడి?"

"బస్తాలది. కరకాత్ దగ్గర ముడి విప్పి, ఒక్కో బస్తా ఎత్తి పైకి విసిరారు. లారీకి ఎక్కించినట్టు."

"బస్తాలు అలాగే కదే ఎక్కిస్తారు."

"మనిషికి ముడి ఎక్కడుందయ్యా విప్పడానికి? మనిషిని రెండు వాయిదాల్లో ఎక్కిస్తారా?"

మా ఆయన దుర్భిణీ తీసుకుని ఖాళీ మంచు వైపు చూశాడు. అక్కడేం లేదు. మళ్ళీ నాకిచ్చాడు.

ఉల్యానాని అడిగాను. అది ముందు నవ్వింది, తర్వాత ఆగింది. "నిజమేనమ్మా. చెయ్యి దానంతటదే ముడి మీదికి పోయింది. రోజూ చేసే పనే కదా."

"గాలిపడవ దగ్గరో?"

"దాని అంచు కిందనే ఉంటుంది. కట్టు విప్పకుండానే లోపలికి దొర్లించాం." అంటూ రైవో వైపు చూసింది. అతను తన చేతుల వైపు చూసుకుంటున్నాడు.

అప్పుడు నేను ఇంటికి వెళ్ళి మా ఆయన దూది కోటు తొడుక్కున్నాను. చేపలు పట్టేవాళ్ళ బూట్లు వేసుకున్నాను. నా బరువెంతో చెప్పను, రెండు బస్తాలకి కొంచెం పైనే. ఒడ్డున ఉన్న కన్నంలోంచి రెండు బకెట్ల నీళ్ళు తోడి నా మీద పొయ్యమన్నాను. పొయ్యడానికి ఎవరూ రాకపోతే నేనే పోసుకున్నాను. వెళ్ళి మంచు మీద వెల్లకిలా పడుకున్నాను.

"అమ్మా, లే. జ్వరమొస్తుంది," అంది ఉల్యానా.

"మునిగినవాడు లేవడు. నన్ను ఎక్కించండి. ముందు మీ బాబాయ్ బండి."

జనం నవ్వుతూ చుట్టూ చేరారు. ఉల్యానా చంకల కింద పట్టుకుంది. రైవో కాళ్ళు పట్టుకున్నాడు. నడుం దాకా లేపారు. తడి కోటు జారింది, కింద పడ్డాను. మళ్ళీ లేపారు. ట్యూబు మీద ఒరిగించారు. రబ్బరు మీద నీళ్ళు, నీళ్ళ మీద నేను, చేపలా జారి వచ్చేశాను. మూడోసారి రైవో ట్యూబు ఎక్కి పైనుంచి లాగాడు. కోటు అతని చేతిలోకి వచ్చింది, నేను రాలేదు.

కొండ్రాత్ సీటు మీదినుంచి వంగాడు. "ఒక చెయ్యి ఇవ్వు వదినా."

"మునిగినవాడు చెయ్యి ఇవ్వడు."

"వేళ్ళైనా పట్టుకో."

"చలికి వేళ్ళు కొయ్యబారిపోయాయి, పట్టు చిక్కదు."

"నోరు మాత్రం బాగానే ఆడుతోంది," అన్నారెవరో వెనకనుంచి. నాకూ నవ్వొచ్చింది. కానీ నవ్వితే ఒళ్ళు బిగుస్తుంది, ఎత్తడం తేలికవుతుంది. అందుకని పళ్ళు బిగబట్టి, ఉతికిన దుప్పటిలా పడి ఉన్నాను.

పదకొండు నిమిషాలు అలా చేశారు. చివరికి ఉల్యానా మంచు మీద కూలబడింది. దాని ఊపిరి నా ముఖానికి తగులుతోంది. మెడలో నేను ఎర్ర ఊలుతో అల్లిన తాడు వేలాడుతోంది. మునిగితే మంచులో దిగేసి పైకి పాకడానికి దానికి రెండు మేకులు కట్టి ఉంటాయి. ఇంత పిల్ల, ఇంత బరువుతో, పగిలే మంచు మీద పదకొండు నిమిషాలు నిలబడి ఉండాలా అనిపించింది. నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తడిసినదాన్ని కాబట్టి ఎవరికీ తెలియలేదు.

తర్వాత గాలిపడవ తెచ్చారు. ఇంజను ఆపగానే అది పెద్దగా నిట్టూర్చి మంచు మీద కూర్చుంది. అంచు నా మోకాలెత్తు. ఒక దుప్పటి నా కిందికి తోసి, ఇద్దరూ కలిసి ఒక్క దొర్లు దొర్లించారు. లోపల ఉన్నాను. రెండు నిమిషాలు కూడా పట్టలేదు. ఎవరూ నవ్వలేదు.

రైవో తన టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. "కొండ్రాత్, నీ బండి దిబ్బ దాటుతుంది, నిజమే. కానీ మనం పోయేది దిబ్బ దాటడానికి కాదు కదా."

కొండ్రాత్ ట్యూబు మీది నీళ్ళు అరచేత్తో తుడిచాడు.

సాయంత్రం నేను కంబళ్ళు కప్పుకుని, తేనె కలిపిన వేడినీళ్ళు తాగుతుంటే అందరూ మళ్ళీ మా బల్ల దగ్గరే చేరారు. గాలిపడవే కొనాలని తేల్చారు. కొండ్రాత్ తన టీ ముగించి, కప్పుని సాసరు మీద బోర్లించాడు. మాలో అతిథి కప్పు బోర్లిస్తే ఇక చాలని అర్థం. ఎవరైనా రెండో కప్పుకే బోర్లిస్తే, ఆ ఇంటి మీద అలిగాడని అర్థం. ఆ రోజు అది అతని మొదటి కప్పు.

"దిబ్బ దగ్గర దాని గౌను చిరిగితేనో?" అని అడిగాను నేను. గెలిచిన బండి మీద కూడా నాకు భయమే. "అప్పుడు వీళ్ళ కోసం ఎవరు వెళ్తారు?"

కొండ్రాత్ లేచి, దేవుడి పటాల మూలకి వంగి శిలువ గుర్తు వేసుకుని, తలుపు మెల్లగా వేసుకుని వెళ్ళిపోయాడు. తలుపు దబాలున వేసి ఉంటే నాకు ఇంత బాధ ఉండేది కాదు.

మూడు వారాలు మా గడప తొక్కలేదు. ప్రార్థన మందిరంలో ఎదురుపడితే తల ఊపేవాడు, మాట లేదు. ఉల్యానా చేతికిచ్చి రొట్టె పంపేదాన్ని. పళ్ళెం కడిగి, తుడిచి వెనక్కి పంపేవాడు. లోపల ఒక్క ఉల్లిపాయైనా పెట్టేవాడు, ఖాళీ పళ్ళెం తిప్పి పంపకూడదు కదా. మాట మాత్రం పంపేవాడు కాదు. అతని కొట్టంలోంచి పగలంతా సుత్తి చప్పుడు వినిపించేది.

"బండి విరగ్గొడుతున్నాడేమో," అన్నాను మా ఆయనతో. "అవమానం పట్టలేక దాని మీద గొడ్డలి వేస్తున్నాడేమో. నేనెందుకు పడుకున్నానో ఆ మంచు మీద."

"విరగ్గొట్టే చప్పుడు వేరు, కొట్టే చప్పుడు వేరు," అన్నాడు మా ఆయన. "అదీ గాక, పెరటి దారిన వచ్చి మన పాత స్నానాల గది తలుపు కావాలని అడిగి పట్టుకెళ్ళాడు."

"తలుపెందుకట?"

"అడగలేదు."

మా మొగవాళ్ళు ఇంతే. ఒక తమ్ముడొచ్చి అన్న ఇంటి తలుపు ఊడబీకి పట్టుకుపోతాడు, అన్న ఎందుకని అడగడు.

మార్చి రెండో వారంలో ఒక మధ్యాహ్నం పడమటి గాలి లేచింది. నేను పెరట్లో బట్టలు ఆరేస్తున్నాను. మా ఆయన చొక్కా చేతులు రెండూ సరస్సు వైపు చాచాయి. అవి అటు చాచాయంటే మంచు పలక విడిపోయే గాలే. చివరి చొక్కాకి క్లిప్పు పెట్టేలోపే ఉల్యానా ఫోన్ మోగింది. పట్నం వాళ్ళు ముగ్గురు పలక మీద ఉండిపోయారు. ఒకడు నీళ్ళలో పడి లేచాడట, లావుపాటి మనిషట.

"ఎన్ని బస్తాలట?" అని నా నోటినుంచి వచ్చేసింది.

"నీ అంత ఉంటాడమ్మా," అంటూనే బూట్లు తొడుక్కుంది. మెడలో తాడు ఉందో లేదో నేను చేత్తో తడిమి చూశాను. నుదుటి మీద శిలువ గుర్తు వేశాను. ఇంకోటి వెయ్యబోతే చెయ్యి ఆపింది. "ఒకటి చాలు. రెండోది వచ్చాక వెయ్యి."

గాలిపడవ అరుపు దూరమయ్యాక, నేను ఫ్లాస్కులో టీ పోసుకుని ఒడ్డుకి పరిగెత్తాను. నాకు ఎదురుగా కనిపించింది కరకాత్. సరిగ్గా మంచు మొదలయ్యే చోట, ముక్కు సరస్సు వైపు పెట్టి ఉంది. ఇంజను తిరుగుతోంది. సీటు మీద కొండ్రాత్, చెవులు మూసే టోపీ పెట్టుకుని, పక్కన వైర్‌లెస్ పెట్టుకుని కూర్చున్నాడు. బండి వెనక మా స్నానాల గది తలుపు ఉంది. కింద కీళ్ళు, పైన తాళ్ళు, గిరకలు. తాడు వదిలితే తలుపు వాలి మంచు మీద ఆనుతుంది. మనిషిని దాని మీదికి దొర్లించి, గిరక తిప్పితే చాలు, తలుపు మనిషితో సహా పైకొస్తుంది. మా తలుపు మీద ఉల్యానా చిన్నప్పుడు మేకుతో గీసిన చేప బొమ్మ కూడా అలాగే ఉంది.

నేను బండి పక్కన నిలబడ్డాను. అతను నా వైపు చూడలేదు. ఫ్లాస్కు మూతలో టీ పోసి అందించాను. తీసుకున్నాడు. తాగకుండా పట్టుకున్నాడు. ఆవిరి అతని గడ్డంలోకి పోయింది.

చాలాసేపటికి వైర్‌లెస్ గరగరమంది. ఉల్యానా గొంతు. "ముగ్గుర్నీ ఎక్కించాం. లావాయన్ని కూడా. ఒక్క దొర్లే. దిబ్బకి ఎడం పక్కనుంచి తిరిగి వస్తున్నాం."

ట్యూబు మీద చెయ్యి ఆనించాను. వస్తున్నామంటే వచ్చినట్టు కాదు. ఇంకా ఐదు కిలోమీటర్ల మంచు ఉంది, దిబ్బ ఉంది, రబ్బరు గౌను ఉంది. సరస్సంతా తెల్లగా, ఎండకి మెరుస్తూ, ఏమీ ఎరగనట్టు ఉంది. ఎక్కడో బాగా దూరంగా తేనెటీగ చప్పుడులాంటిది మొదలైంది.

"కొండ్రాత్," అన్నాను. "దిబ్బ దగ్గర దాని గౌను చిరిగితే, వాళ్ళ కోసం ఎవరు వెళ్తారు?"

అతను టీ కొంచెం తాగాడు. పంచదార తక్కువైనట్టు మూతలోకి చూశాడు. నేను జేబులోంచి పంచదార ముక్క తీసి ఇచ్చాను. దాన్ని పంటి కింద పెట్టుకుని, మిగతా టీ దాని మీదుగా నెమ్మదిగా, చివరి చుక్కదాకా తాగాడు. మూతని బోర్లిస్తాడేమోనని చూశాను. బోర్లించలేదు, ఇంకొంచెం పొయ్యమని నా వైపు చాపాడు. పోశాను. తేనెటీగ చప్పుడు కొంచెం దగ్గరికొచ్చింది. గాలి మా ఇద్దరి మధ్యనుంచి పోతోంది. అతని ఎడమ చెయ్యి గేరు మీదనే ఉందని అప్పుడు గమనించాను. నేను వచ్చినప్పటినుంచీ అక్కడే ఉంది.

"ఇంకెవరు వెళ్తారు వదినా, నేనే," అన్నాడు మరిది, కళ్ళు సరస్సు మీదనుంచి తిప్పకుండా. "తలుపు కూడా నీ వెడల్పుకి సరిపోయేదే పెట్టాను."